ఒకటైతే అవును

పక్క గడ్డి పొలంలో పనిచేసే చెమా బరువులెత్తే లోడరు తెస్తానని వెళ్ళి ఎంతసేపైందో, ఇంకా అజాపజా లేదు. ఆర్డిస్ తమ ఇల్లైన ట్రెయిలర్ కప్పు మీద, పాత ఏసీ తీసేసిన చోట మిగిలిన కన్నం పక్కన, ప్లైవుడ్ చెక్క వేసుకుని దాని మీద కాళ్ళు ఒక పక్కకు ముడుచుకుని కూర్చుంది, చేతిలో గీకుడు రేకు, గీకుతోంది, ఆగుతోంది, మళ్ళీ గీకుతోంది. ఈ వయసులో కప్పులెక్కడమేమిటని అడిగేవాళ్ళు కూడా లేరు పార్కులో, చలికాలపు జనమంతా ఎండలు మొదలవగానే ఉత్తరానికి ఎగిరిపోయారు, మే నెలాఖరున ఈ నది ఒడ్డున మిగిలేది పోలేనివాళ్ళే, వాళ్ళూ ఈపాటికి తలుపులు బిగించుకుని లోపల కూర్చుని ఉంటారు, ప్రతి కప్పు మీదా ఏసీల హోరు వినబడుతూనే ఉంది, తన కప్పు మీద తప్ప. కన్నం చుట్టూ జిగురు. ఎంత గీకినా జిగురే, ఒక పొర కింద ఇంకో పొర, తెల్లది, దాని కింద బూడిద రంగుది, దాని కింద ఎప్పటిదో పసుపు తిరిగి రాయైపోయినది. ఏసీ అడుగున స్పాంజి పట్టీ ఉంటుంది, లోపల్నించి నాలుగు బోల్టులు బిగిస్తే ఆ పట్టీ సగానికి అణిగి నీళ్ళు రాకుండా పట్టుకుంటుంది, అంతే, దానికి జిగురు పెట్టకూడదు, చక్రాల మీద కాపురం చేసేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాడు లేడు, తన మొగుడు లయల్‌కీ తెలుసు, అడిగినవాడికీ అడగనివాడికీ తనే చెప్పేవాడు. చెప్పి, తన ఇంటి దగ్గరికొచ్చేసరికి మనసొప్పక, ఏటా వసంతంలో కప్పెక్కి ఒక ట్యూబు జిగురు పూసి, దిగొచ్చి లోపల్నించి బోల్టులకి తలా ఒక చుట్టు బిగించి, ఇప్పుడు రమ్మను వానని, అని చేతులు దులుపుకునేవాడు. ఆ బిగింపులకి పట్టీ నలిగి అప్పడమైపోయింది, ఆ జిగురేమో ఎలాగో లోపలికొచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా దాచి పెట్టింది. పొద్దున చెమా, తనూ పాత ఏసీకి తాడు కట్టి నిచ్చెన మీదుగా కిందికి జార్చేశాక చూస్తే, కన్నం అంచున ఒక మూల చెక్క టీలో ముంచిన బిస్కెట్టులా వేలికి ఊడొచ్చింది. చెమా పెదవి విరిచి, కొత్త చెక్క ముక్క కోసి స్క్రూలు బిగించి పెట్టాడు. గడ్డి మోపులు ఎక్కించడం అవగానే యజమాని లోడరు ఇస్తాడు, ఈలోగా మీరు దిగి నీడలో కూర్చోండి సెన్యోరా, అని స్పానిష్ మర్యాదతో చెప్పి పోయాడు. దిగితే మళ్ళీ ఎక్కలేనని ఆమెకు తెలుసు, అందుకే దిగలేదు.

ఆ మొదటి చుక్క ఎక్కడ పడింది, టెక్సాస్ తీరంలోనా, కాదు, అలబామాలో, పెకాన్ తోపులో బండి పెట్టుకున్నప్పుడు, మధ్యాహ్నం కునుకు తీస్తుంటే సరిగ్గా తన నుదుటి మీద చల్లగా, లయల్ ఏదో ఆట పట్టిస్తున్నాడనుకుని కళ్ళు తెరవకుండానే చెయ్యి విసిరింది, చేతికి గాలే తగిలింది. అతను వానలోనే పైకెక్కాడు. కిందపడి నడుం విరగ్గొట్టుకుంటావు, వాన తగ్గనీ అని తను గొంతు చించుకుంటుంటే, పైనించి, నువ్వలా అరుస్తూ ఉండు ఆర్డిస్, నేను పడలేదని నాకు తెలుస్తుంటుంది, అన్నాడు. దిగొచ్చాక తువ్వాలు కప్పితే తువ్వాల్లోంచి కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. అంత మాటకారి మనిషి. ఏ పార్కులో ఆగినా సాయంత్రానికి పక్క బండ్ల వాళ్ళందరూ తమ మంట చుట్టూ కుర్చీలు వేసుకుని ఉండేవారు, ఈల్ చేప కథ, చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు పేలిన కథ, కన్సాస్‌లో మునిసిపల్ జడ్జి కోడిపుంజు కథ, చెప్పిన ప్రతిసారీ కోడిపుంజు ఇంకాస్త పెద్దదయ్యేది. తను లోపల గిన్నెలు తోముతూ, ఒక్క పూట, దేవుడా, ఒక్క పూట ఈయన నోటికి తాళం పడితే బావుండునని ఎన్నిసార్లు అనుకుందో. అలా అనుకున్నందుకు దేవుడేమీ అలా చెయ్యడు, ఆ మాత్రం తెలివి తనకుంది, బడిపిల్లల బస్సు ముప్ఫై ఏళ్ళు తోలిన మనిషి తను, అరిచే నోళ్ళు ఎన్ని చూసింది. అయినా అనుకుంది కదా.

గీకుడు ఆపి, కన్నంలోకి వంగి చూసింది. మూరకి తక్కువ చదరం. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి, ఇంటిని పైనించి చూడటం ఇదే మొదటిసారి, ఎవరిదో ఇల్లు తొంగి చూస్తున్నట్టుగా ఉంది. బల్ల మూల, దాని మీద అతని మందుల డబ్బా, పొద్దున తినగా మిగిలిన టోస్టు ముక్క, కుర్చీ, కుర్చీలో లయల్. నడినెత్తిన జుట్టు పలచబడి ఇంత గుండ్రంగా మెరుస్తోంది, అది ఎప్పుడు పడిందో, తనకెప్పుడూ కనబడలేదే, నిలబడితే తన కన్నా అంత పొడుగు మనిషి, జబ్బుతో పడిపోయినప్పటి నుంచీ ఎప్పుడూ ముందునించో పక్కనించో పట్టుకోవడమే, పైనించి ఎవరు చూశారు. మోకాళ్ళ మీద అడ్డంగా చీపురు కర్ర పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో దాని మానాన అది పడి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుంటానని పొద్దున వేలు పెట్టి చూపించాడు, పని ఉన్న రోజున వేసుకునే చొక్కా, బొత్తాలు తను పెట్టింది. తలుపు పక్కన గోడ మీద దేశపటం అంచు కొంచెం కనబడుతోంది. తాము ఒక రాత్రి నిద్రపోయిన రాష్ట్రానికే రంగు కాగితం అతికించాలి, ఊరికే దాటిపోతే చెల్లదు, అది లయల్ పెట్టిన చట్టం, ఆ చట్టం వల్లే డెలవేర్ ఇప్పటికీ తెల్లగా ఉంది, మూడుసార్లు దాటారు, మూడుసార్లూ పార్కుల్లో చోటు దొరకలేదు. ఓసారి తను, రోడ్డు పక్క ఆపి అరగంట కునుకు తీద్దాం, అతికించెయ్, ఎవడు చూడొచ్చాడు అంటే, నేను చూడనూ, అన్నాడు.

రబ్బరు కప్పు వేడెక్కుతోంది. ప్లైవుడ్ అంచు దాటిన చెప్పు కాస్త అంటుకుంటోంది. నదికవతల కొండలు అప్పుడే రంగు వెలిసిపోయాయి, ఇంకాసేపటికి కళ్ళు తెరిచి చూడటానికి ఉండదు. పాత ఏసీ మొన్న మధ్యాహ్నం, భోజనం వేళ, ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది, లోపల గాలి గంటలో పొయ్యి మీద పెట్టినట్టయింది, తను లయల్‌ని చక్రాల కుర్చీలో వేసుకుని పార్కు బట్టలుతికే గదికి తోసుకుపోయింది, అక్కడ చల్లగా ఉంటుంది, రెండు రోజులు అక్కడే, తిరుగుతున్న ఎవరివో దుప్పట్లు చూస్తూ. ఆ గదిలోనే, డ్రయ్యర్ల చప్పుడులో, తను ఫోనులో బండి కొంటామన్న జంటతో మాట్లాడింది. నర్సులు వాళ్ళిద్దరూ, ఊరూరా మూడు నెలలకో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు, ఇల్లు కొనే తాహతూ లేదు, కొంటే ఉండే తీరికా లేదు, ఇదివరకే ఒకసారి వచ్చి చూసి పోయారు, లయల్ అప్పుడు చికిత్స గదిలో ఉన్నాడు. బండి నచ్చింది, ఏసీ పోయిందంటే మరి బాగు చేయించాక తీసుకుంటాం అన్నారు, వాళ్ళ తప్పేముంది. మంగళవారం వస్తామన్నారు. మంగళవారం వద్దు, బుధవారం రండి, అంది. ఎందుకని అడిగారు. మాకు వీలుపడదు, అంది.

మంగళవారం. ఆ ఒక్క మాటే మిగిలింది లయల్‌కి. తలలో ఎక్కడో నరం మూసుకుపోయి, నేల మీద పడి, ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, తన మొహంలోకి చూసి, ఎంతో ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు, మంగళవారం, అన్నాడు. ఆ రోజు శుక్రవారం. కాఫీ కావాలంటే మంగళవారం, చెప్పు వేలికి నొక్కుతోందంటే మంగళవారం, ఆర్డిస్ అని పిలవాలంటే అదే, కొంచెం మెత్తగా. కోడిపుంజు కథ మొత్తం ఓ సాయంత్రం చెమాకి మంగళవారాలతో చెప్పాడు, ఎడమ చెయ్యి ఊపుతూ, పుంజు ఎంత ఉందో దాంతోనే చూపిస్తూ, చెమా సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వాడు, అతని పుణ్యం. అవును, కాదు కూడా తారుమారైపోయాయి, తల అడ్డంగా ఊపి చెయ్యి చాచి తీసుకుంటాడు, నిలువుగా ఊపి విసిరికొడతాడు. మాట నేర్పే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది, తలాడించొద్దు, బల్ల మీద కొట్టమనండి, ఒకటైతే అవును, రెండైతే కాదు, మాట పోయినా లెక్క పోలేదు ఈయనకి, అంది. చెంచా చేతికిచ్చింది. లయల్ చెంచా వంక చూశాడు, ఆ అమ్మాయి వంక చూశాడు, గది గోడకేసి గిరాటు వేశాడు. ఇంటికొచ్చాక తనూ ప్రయత్నించింది, గుడ్లు వేయించనా, ఒకటి కొట్టు, ఉడకబెట్టనా, ఉలుకూ పలుకూ లేదు, చెయ్యి బల్ల మీద పెట్టి పిడికిలి బిగించుకుని కిటికీలోంచి చూస్తాడు. కథలు చెప్పి జనాన్ని కూర్చోబెట్టిన నోరు, చంటిపిల్లాడిలా గిన్నె వాయించమంటే వాయిస్తుందా. మొండిఘటం. అప్పటినుంచీ తను అడగడం మానేసింది. ఏది వండితే అదే తిన్నాడు, ఏ చొక్కా తొడిగితే అదే, ఏ కిటికీ దగ్గర కూర్చోబెడితే అక్కడే. అడగడం ఎప్పుడు మానేసిందో ఆ రోజు కూడా గుర్తులేదు, అలా అలా అలవాటైపోయింది, అడగకపోతే పనులు త్వరగా అయ్యేవి. అలాగే ఈ చక్రాల ఇల్లు కూడా అమ్మేసింది.

ఎవరన్నా అంటే అననీ. ఎవరంటారు. ఉత్తరాన ఒగలాలా ఊళ్ళో లయల్ చెల్లెలి ఇంటి వెనక రెండు గదులున్నాయి, నేల మీద కట్టినవి, తలుపులు వెడల్పు, చక్రాల కుర్చీ తిరుగుతుంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించింది ఆవిడ. ఇక్కడైతే లయల్‌ని పక్క మీంచి లేపడానికి తను మంచానికీ గోడకీ మధ్య జానెడు సందులో పక్కగా నిలబడి లాగాలి. లాగిన ప్రతిసారీ నడుములో ఏదో పట్టేసి, మడమ దాకా దిగుతుంది, తను పెదవి కొరుక్కుని, లే దొరా లే, అని నవ్వుతుంది. మురుగు గొట్టం తనే తగిలించాలి, తనే కడగాలి, గ్యాసు బండ తనే మోయాలి, టైర్లలో గాలి తనే చూడాలి, మెట్టు తనే దించాలి, ఇవన్నీ ఇదివరకు అతనివి, తనది తోలడం ఒక్కటే. తోలేది తను, వెనక నిలబడి చేతులూపేది లయల్, పార్కుల్లో మగవాళ్ళందరికీ అదో నవ్వులాట, ఏమయ్యా, స్టీరింగు ఆవిడకిచ్చి నువ్వు దారి చూపిస్తున్నావేంటి అంటే, ఆవిడ తోలుతుంది కాబట్టే దారి చూపించే ధైర్యం వచ్చింది అనేవాడు. అద్దంలో అతని రెండు చేతులు, ఇంకా రా, ఇంకా, ఇంకా, చాలు. కేకల్లేవు. అంత వాగేవాడు వెనక నిలబడితే మాత్రం నోరు మెదిపేవాడు కాదు. తను అద్దంలో ఆ చేతులు తప్ప ఇంకేదీ చూసేది కాదు, వెనక చెట్టుందో గొయ్యుందో, ఆ చేతులు రమ్మంటే వెళ్ళేది. పాత ఇల్లు అమ్మి ఈ బండి కొన్న రోజున లయల్ కొత్త మెట్టు మీద నిలబడి, పునాది ఉన్న ఇంట్లో ఇక చావను ఆర్డిస్, చస్తే చక్రాల మీదే, అన్నాడు. అది మాటవరసకి అన్న మాట కాదు. అందుకే తనకి నోరు పెగల్లేదు ఇన్నాళ్ళూ. కొత్త ఏసీ పెట్టె వచ్చినప్పుడు పెట్టె మీద బొమ్మని వేలితో రుద్ది రుద్ది చూశాడు, మంగళవారం, మంగళవారం, అని ఆనందంగా, ఈ వేసవికి మనకి దిగుల్లేదు అన్నట్టు.

అలిసిపోయింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, పైకి అంటే ఇక లేవలేనేమోనని భయం. నిద్రతో పోయే అలసట కాదు, ఎముకల్లో ఉంది. ఒక్కోసారి గిన్నె తోముతూ తోముతూ, కుళాయి కింద చెయ్యి అలాగే పెట్టి నిలబడిపోతుంది, ట్యాంకులో నీళ్ళు అయిపోయేదాకా. ఇప్పుడీ కప్పు మీద కూర్చుంటే, సిగ్గులేకుండా చెప్పాలంటే, హాయిగా ఉంది, చెమా ఇంకాసేపు రాకపోయినా బావుండును, ఇక్కడికి ఎవరూ రారు, లయల్‌కి ఏం కావాలో ఇక్కడినించి తెలియదు. అలా అనుకున్నాక కిందికి చూడకుండా ఉండలేకపోయింది. అదే కుర్చీలో అలాగే ఉన్నాడు. చీపురు కర్ర జారకుండా పట్టుకుని, డ్యూటీలో ఉన్నట్టు. కొత్త ఏసీ కన్నం మీదికి వచ్చాక పైనించి కన్నం కనబడదు, సరిగ్గా నడిమికి వచ్చిందో లేదో లోపలున్నవాడికే తెలుస్తుంది, చెమా లోడరు మీట మీంచి చెయ్యి తీయలేడు, తీస్తే ఆ ముసలి యంత్రం మెల్లగా జారుతుంది. మా తమ్ముణ్ణి పిలుస్తాను లోపలికి, అన్నాడు చెమా. అక్కర్లేదు, లయల్ చూస్తాడు, అంది తను. ఎందుకందో. పొద్దున చీపురు కర్ర చేతికిచ్చి, చెంచా సంగతి గుర్తొచ్చి భయపడుతూనే, నేను పైనించి అడుగుతాను, కప్పుకి కొట్టు, ఒకటైతే అవును, రెండైతే కాదు, అని చెబితే, విసిరికొట్టలేదు. తల దించుకుని కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇది గిన్నె వాయించడం కాదు, పని. అతనికి కదా పని ఇచ్చారు, ఇంట్లో మగవాడికి. ఏ ఇంట్లో, ఎవరింట్లో. బుధవారం నుంచి వేరేవాళ్ళింట్లో చల్లగాలికి, వాళ్ళు సుఖంగా నిద్రపోవడానికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

ఇది మోసం. ఆర్డిస్ గీకుడు రేకు పక్కన పెట్టింది. ఎదురుగా కూర్చుని అతని మొహం చూస్తూ చెప్పలేదు, చెప్పలేనని తేలిపోయింది, ఇన్ని రోజులు చూసింది కదా. ఇక్కడినించైతే నడినెత్తి ఒక్కటే కనబడుతుంది. చెప్పాల్సింది ఇక్కడినించే.

"లయల్," అంది.

తలెత్తాడు. వెలుగు సూటిగా పడి కళ్ళు చిట్లించాడు, కుడి కన్ను సగమే మూసుకుంది.

"బండి అమ్మేశాను. బుధవారం వచ్చి తీసుకెళ్తారు. ఈ ఏసీ వాళ్ళ కోసమే, మనకి కాదు. మనం మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాం. నీకు ముందే చెప్పాల్సింది."

మంగళవారం అంటాడనుకుంది, కోపంగానో ఏడుపుగానో. అనలేదు. ఆ చదరంలో అతని మొహం అలాగే పైకెత్తి ఉంది, తన వెనకాల ఆకాశం తప్ప ఇంకేం కనబడుతుందో అతనికి, తన మొహం నల్లగా, ఎవరిదో మొహంలా కనబడుతుందేమో. తర్వాత చూపు దించుకున్నాడు. బల్ల అంచు పట్టుకున్నాడు, ఎడమ చేత్తో ఒళ్ళంతా లాక్కుంటూ లేచాడు, మోకాళ్ళ మీది కర్ర నేల మీద పడి దొర్లింది. పట్టుకోవడానికి తను లేదు. ఒక అడుగు, ఈడ్చిన కాలు, ఇంకో అడుగు, చదరంలోంచి భుజం పోయింది, ఆ ఇస్త్రీ చొక్కా వెనకభాగం పోయింది, ఇక ఖాళీ కుర్చీ, బల్ల మూల, టోస్టు ముక్క, నేల మీద చీపురు కర్ర. లయల్, జాగ్రత్త, పడిపోతావు, అంది కన్నంలోకి. మంచం వైపు వెళ్ళాడో, తలుపు వైపు వెళ్ళాడో. తలుపు చప్పుడు కాలేదు.

అప్పుడు వచ్చాడు చెమా, రావాల్సినప్పుడు రాక. అల్ఫాల్ఫా గడ్డి పరకలు వేలాడుతున్న లోడరు, దాని గడగడలతో పార్కంతా అదిరిపోయింది. కొత్త ఏసీకి కింద రెండు పటకాలు వేసి, ఎత్తి, కప్పు మీదికి తెచ్చాడు, తెల్లగా, పెట్టె వాసన వేస్తూ, గాల్లో కొంచెం ఊగుతూ. ఆర్డిస్ లేచి నిలబడింది, మోకాళ్ళు కలుక్కుమన్నాయి, చేతులు చాచి దాని అంచు పట్టుకుని ముందుకు తెచ్చుకుంది, అది కన్నం మీదికి జరుగుతుంటే కుర్చీ, బల్ల, కర్ర ఒక్కొక్కటీ దాని నీడలోకి పోయాయి. ఆపు, అంది. ఇక వేలెడు సందు మాత్రమే మిగిలింది. బరువు పటకాల మీద ఉండగానే సరి చెయ్యాలి, స్పాంజి కప్పుకి ఆనాక ఈడిస్తే చినిగిపోతుంది, చినిగితే మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మొదటికి. మోకాళ్ళ మీద కూర్చుని, సందు దగ్గర నోరు పెట్టి, లయల్, తలుపు వైపు జరపాలా, అని అడిగింది. ఏమీ లేదు. వంటగట్టు వైపు జరపాలా. ఏమీ లేదు. లోడరు గడగడ తప్ప ఇంకేమీ లేదు.

"ఏమంటున్నాడు సెన్యోరా?" అని చెమా అడిగాడు కిందినించి.

"ఇంకా ఏం అనలేదు."

"నేనెంతోసేపు పట్టుకోలేను. ఈ ముసల్ది జారిపోద్ది, దీని సంగతి మీకు తెలీదు."

దిగి వెళ్ళి చూడొచ్చు. నిచ్చెన దిగి, మెట్టెక్కి, లోపలికి వెళ్ళి, అతను నేల మీద పడి ఉన్నాడో, మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడో చూసి, కన్నం తనే చూసుకుని, మళ్ళీ నిచ్చెనెక్కి. కాళ్ళు రామంటున్నాయి. ఆర్డిస్ అలాగే ముందుకు వంగి, రెండు అరచేతులూ, చెంపా కప్పుకి ఆనించి పడుకుంది, రబ్బరు చురుక్కుమంది, అయినా తియ్యలేదు. కప్పు కింద అతను ఉన్నాడు. జానెడు మందం చెక్క, రేకు, అంతే. ఇన్నాళ్ళూ తను అతనికి చెబుతూనే వచ్చింది, లే, కూర్చో, మింగు, చెయ్యి ఎత్తు. అడిగి ఎన్నాళ్ళైందో.

"లయల్," అంది సందులోకి, గట్టిగా కాదు. "బండి అమ్మడం నీకిష్టమేనా?"

లోడరు గడగడ. చెమా ఏదో అన్నాడు, వినబడలేదు. తర్వాత, చెవికన్నా ముందు అరచేతికి తెలిసింది, సరిగ్గా చెయ్యి కిందే, కప్పుకి లోపల్నించి ఒక దెబ్బ. వెంటనే ఇంకోటి, మొదటిదానికన్నా గట్టిగా.

కాదు. కాదు అన్నాడు. నేల మీద పడ్డ కర్రని వెనక్కొచ్చి వంగి తీసుకున్నాడు, వంగడానికి బల్ల పట్టుకుని ఉంటాడు, పడిపోకుండా వంగి, తీసుకుని, ఇంతసేపు పట్టింది అందుకే, వంగడానికే, అలగడానికి కాదు. ఆర్డిస్‌కి నవ్వొచ్చింది, ఏడుపు కూడా. కాదంటున్నాడు, మొండిఘటం, చెప్పాడుగా అప్పుడే, చస్తే చక్రాల మీదే. ఎన్ని నెలల తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. అడిగితే చెప్పాడు. అడగాల్సింది.

"నేను అలిసిపోయాను, లయల్," అంది. "నిన్ను లేపుతుంటే నడుం విరిగిపోతోంది. నువ్వు చూస్తావని నవ్వుతున్నాను. ఇంకో వేసవి నావల్ల కాదు. అది నీకు తెలుసా?"

చెంప కింద రబ్బరు కాలుతోంది. చెమట కంట్లోకి దిగింది. ఈసారి ఎంతసేపటికీ రాలేదు. తర్వాత ఒకటి. ఒక్కటే.

తెలుసు. ఎప్పటినుంచి తెలుసో. తను పెదవి కొరుక్కోవడం అద్దంలో చూసి ఉంటాడు, లే దొరా అని నవ్విన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాడేమో, మంగళవారం అన్నవాటిలో ఎన్ని దాని గురించో, తను కాఫీ అనుకుని కాఫీ ఇచ్చింది.

"సెన్యోరా, జారుతోంది," అని చెమా కేకేశాడు. ఆర్డిస్ మోకాళ్ళ మీద లేచి ఏసీ అంచులు రెండు చేతులతో పట్టుకుంది. తలుపు వైపు జరపనా, అంది. ఒకటి. జరిపింది, పటకాలు కిర్రుమన్నాయి. ఇంకానా. ఒకటి. ఇంకాస్తా. ఒకటి. ఇంకా. రెండు. ఆగింది. ముందుకా. ఒకటి. వేలెడా. ఒకటి. ఇంకాస్తనా, అంటే, వెంటనే రెండు, కంగారుగా, చాలు చాలు అన్నట్టు, ఆ కంగారు తనకి తెలుసు, వెనక చెట్టు దగ్గరికొచ్చినప్పుడు అద్దంలో రెండు అరచేతులూ ఒక్కసారి పైకి లేచేవి, అచ్చం అలాగే. వెనక్కి రవ్వంత లాగింది. సరిగ్గా కూర్చుంటుందా, నాలుగు బోల్టు కన్నాలూ కనబడుతున్నాయా. ఒకటి, నింపాదిగా.

ఇక దించమని చెప్పడమే. చెమా మీట మీద చెయ్యి పెట్టి, మొహం పైకెత్తి, తన నోటి కోసం చూస్తున్నాడు. దించితే సందు మూసుకుపోతుంది, బోల్టులు బిగించాలి, సగానికి అణిగేంత, అంతకన్నా ఒక్క చుట్టు కూడా ఎక్కువ కాదు, ఈసారి ఎవ్వర్నీ జిగురు ముట్టనివ్వదు, లోపలికెళ్ళి మీట తిప్పితే చల్లగాలి వస్తుంది, ఈ మధ్యాహ్నం లయల్ హాయిగా నిద్రపోతాడు. సందు ఇంకా వేలెడు ఉంది. ఆర్డిస్ మళ్ళీ వంగింది.

"బుధవారం వాళ్ళని రానివ్వనా?"

ఏమీ లేదు. కాదు అంటే ఫోను చేసి చెప్పేస్తుంది, ఏదో ఒకటి చెబుతుంది, కోపగించుకుంటే కోపగించుకోనీ, ఈ వేసవి ఎలాగో లాగుతుంది, నడుముకి పట్టీ కట్టుకుంటుంది, చెమాని ఉదయం పూట వచ్చి లేపమంటుంది, చలి మొదలవగానే బండి తగిలించుకుని ఎటో ఒకటి, డెలవేర్ అంటే డెలవేర్, అక్కడ ఒక్క రాత్రి నిద్రపోయి ఆ తెల్ల ముక్క కాస్తా అతికించేసి. అన్నీ ఒక్క క్షణంలో సర్దేసుకుంది మనసు, ఇంత సత్తువ ఎక్కడ దాచుకుందో ఇంతకాలం. కప్పు మీద అరచేయి ఆనించింది.

ఒక దెబ్బ. మెత్తగా, కర్ర కొసతో తాకినట్టు.

రెండోది వస్తుందని ఆగింది. చెయ్యి తియ్యకుండా ఆగింది. అతనికి చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, ఎంతసేపని పైకెత్తి ఉంచుతాడు, కాస్త దించి మళ్ళీ ఎత్తుతున్నాడేమో, ఎత్తుతాడు. చెమా మీటని రెండుసార్లు సర్దుకున్నాడు. పక్క కప్పుల మీద ఏసీలు హోరెత్తుతున్నాయి. అరచేయి కింద రబ్బరు వేడిగా, కదలకుండా ఉంది. రెండోది రావాలని తను ఎంతగా కోరుకుందో, అది రాదని తేలాకే ఆర్డిస్‌కి తెలిసింది.

చెయ్యి తీసి, మోకాలికి తుడుచుకుంది.

"దించెయ్, చెమా," అంది.